మూగబడి టీచరమ్మ

మా టీచరమ్మ పోయిన సంగతి నాకు ఫోనులో తెలిసింది. ఆఫీసులో మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుంటుంటే మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆవిడ ఫొటో పెట్టారు. కింద జోడించిన చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. అది మేం ఆవిడకి సన్మానం చేసిన రోజు తీసిన ఫొటో. మెడలో బంతిపూల దండ ఉంది. శాలువా మాత్రం భుజాల మీద కాకుండా ఒళ్ళో ఉంది. అది ఒళ్ళో ఎందుకుందో ఆ గ్రూపులో నాకూ ఇంకొకరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఫొటో తీసేసి వేరేది పెట్టమని రాయబోయి, ఎందుకని అడుగుతారని భయపడి ఊరుకున్నాను. క్యారేజీ మళ్ళీ మూసేశాను.

ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరెళ్ళాను. మర్నాడు చర్చిలో ప్రార్థన అయ్యాక మిషన్ వాళ్ళ సమాధుల తోటలో పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. పాస్టరు గారు నా దగ్గరికొచ్చి, "నువ్వు రెండు మాటలు సెప్పమ్మా, నీకంటే బాగా ఎవలు సెప్తారు" అన్నారు. గొంతు బాగోలేదని చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళు దుఃఖం అనుకుని నా వీపు నిమిరారు. అదొక బాధ. జాలిపడాల్సింది నా మీద కాదు.

ముందు నా గురించి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాని. ఆ ఉద్యోగం వల్ల నన్నెవరూ ఎరగరు. సభలకి వ్యాఖ్యానం చెబుతాను కాబట్టి ఎరుగుదురు. అరసవల్లిలో పెళ్ళి రిసెప్షన్ అయినా, కాలేజీలో వార్షికోత్సవమైనా, ముఖ్య అతిథి ఆలస్యమైతే జనం లేచిపోకుండా కూర్చోబెట్టడం నా విద్య. "మైకు పైడితల్లి" అని నాకు పేరు. నా గొంతు బాగుంటుందని నాకు బాగా తెలుసు. నాకున్న జబ్బల్లా అదే.

మాది మాంగనీసు గనుల ఊరు. గరివిడి నుంచి ఆటోలో వచ్చేయొచ్చు. తెల్లబట్ట ఆరేస్తే సాయంత్రానికి నల్లదుమ్ము పట్టే ఊరు. అంత చిన్న ఊళ్ళో మూడు బళ్ళుండేవి. ఆఫీసర్ల పిల్లలకి కంపెనీ బడి, వాళ్ళకి మెడలో టైలూ కాళ్ళకి బూట్లూ. పెద్ద క్లాసులకి సర్కారు హైస్కూలు. మాలాంటి కూలీల పిల్లలకి చర్చి పక్కన పెంకుల కప్పుతో మిషన్ బడి. మా బడికి ఎదురుగానే కార్మికుల లైన్లు, అంటే కంపెనీ వరసగా కట్టిన ఒంటిగది ఇళ్ళు. మా నాన్నలు కొందరు గనిలోకీ, కొందరు ఫ్యాక్టరీలో కొలిమి మీదికీ వెళ్ళేవారు. కొలిమి ఆరదు కాబట్టి పగలూ రాత్రీ షిఫ్టులే. రాత్రి షిఫ్టు చేసినవాళ్ళు పొద్దున్న మేం బడికెళ్ళే వేళకి వచ్చి పడుకునేవారు. వాళ్ళు పడుకోగానే మేం గొంతులెత్తి ఎక్కాలు మొదలుపెట్టేవాళ్ళం.

ఒకరోజు మా నాన్న లుంగీ మీదే బళ్ళోకి వచ్చేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను రెండో తరగతి. సిగ్గుతో ముందున్న పిల్ల వెనక దాక్కున్నాను.

"టీచరమ్మా, రేతిరంతా కొలిమి కాడ నిలబడొచ్చినాం. కాసేపు కన్ను మూద్దామంటే మీ ఎక్కాలు మా నెత్తిమీద పడతన్నాయి. మేం మనుసులం కాదేటి?" అన్నాడు.

వేరే పంతులైతే బయటికి పొమ్మనేవాడు. ఆవిడ తన కోసం వేసి ఉన్న కుర్చీని మా నాన్న వైపు జరిపింది. ఆవిడ బళ్ళో ఎప్పుడూ కూర్చునేది కాదు, ఆ కుర్చీ వచ్చినవాళ్ళ కోసమే.

"కూకో బాబూ. అందరికంటే గట్టిగా అరిసీది నీ కూతురే. ఆ సంగతి తెలుసా నీకు?"

మా నాన్న నా కోసం వెతికాడు. కోపం పోయి నవ్వాడు. నేను మాత్రం ఇంటికెళ్ళాక దెబ్బలు తిన్నాను.

మర్నాటి నుంచి మా బళ్ళో ఎక్కాలు పెదాలతోనే. "గొంతు వొద్దు. పెదాలు కదపండి, నేను సూస్తాను" అంది టీచరమ్మ. క్లాసంతా నోళ్ళు తెరిచి మూసేది, చప్పుడుండేది కాదు. ఆవిడ వరసల మధ్య తిరుగుతూ, ఏడో ఎక్కంలో ఎవరు తప్పారో వాళ్ళ ముందు ఆగిపోయేది. మొదట్లో మాకు నవ్వాగేది కాదు. తర్వాత అలవాటైంది. అలవాటయ్యాక మేమూ ఒకళ్ళ పెదాలొకళ్ళం చదవడం నేర్చుకున్నాం. ఇక మా ముచ్చట్లకి అడ్డేముంది? ఈ మూల నుంచి ఆ మూలకి సినిమా కథలు కూడా చెప్పుకునేవాళ్ళం. కంపెనీ బడి పిల్లలు మాది మూగబడి అని వెక్కిరించేవారు. మేం పెదాలతోనే వాళ్ళని తిట్టేవాళ్ళం, వాళ్ళకి తెలిసేది కాదు.

నాకొక్కదానికే కష్టంగా ఉండేది. ఎంత అణచుకున్నా గొంతు పైకి వచ్చేసేది. "ఒసే పైడీ, తప్పు సెప్పినా పర్లేదు, మెల్లిగా సెప్పు" అనేది ఆవిడ. అంత నెమ్మది మనిషి నా విషయంలో మాత్రం రోజుకోసారి నుదురు కొట్టుకునేది.

ఇప్పుడు మా ఊళ్ళో గొప్పవాళ్ళెవరని అడిగితే, కంపెనీ బడి వాళ్ళకి కాస్త కష్టంగానే ఉంటుంది గానీ, చెప్పుకోదగ్గ వాళ్ళంతా మూగబడి వాళ్ళే. విజయనగరంలో పిల్లల డాక్టరున్నాడు. ఆయన మాట వినిపించక తల్లులు మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు. ఎస్సైగా చేస్తున్న అమ్మాయి ఒకతుంది. కేకెయ్యని పోలీసని ఆమెకి పేరు. బరువులెత్తే సింహాచలం ఉన్నాడు. దేశమంతా తిరిగి పోటీల్లో పతకాలు తెచ్చి, ఆ పేరు మీద రైల్వేలో ఉద్యోగం సంపాదించాడు. చివర్లో నేను, మైకు పట్టుకుని.

టీచరమ్మ దగ్గర ఇంకో పద్ధతుండేది. ఒంటికి వెళ్ళాలంటే ఏ బళ్ళోనైనా పిల్లలు చిటికెన వేలు చూపించి, పంతులు ఊఁ అనేవరకూ ఆగాలి కదా. మా బళ్ళో ఆగక్కర్లేదు. "ఆ ఏలు లేపినాక నన్ను సూడొద్దు, ఎల్లిపోండి" అనేది. ఒకసారి తనిఖీకి పెద్ద ఇనస్పెక్టరు వచ్చాడు. క్లాసు నిశ్శబ్దంగా ఉండడం చూసి మేం చదవడం లేదనుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు. మధ్యలో ఒక పిల్ల వేలు లేపి లేచింది. ఆయన "కూర్చో, నేను మాట్లాడుతున్నాను" అన్నాడు. పిల్ల సగం లేచి ఆగిపోయింది.

"ఎల్లవే. సారు ఆగగలరు. నువ్వాగలేవు" అంది టీచరమ్మ, మామూలు గొంతుతోనే.

ఆయన మొహం మాడ్చుకుని ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా కాలం ఆవిడకి జీతం పెరగలేదని పెద్దవాళ్ళు అనుకునేవారు, నిజమో కాదో నాకు తెలియదు.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. అన్న కూతుర్ని పెంచుకుంది. ఆ మేనకోడలే చివరిదాకా చూసుకుంది. క్రిస్మస్‌కి లైన్లలో ప్రతి ఇంటికీ గులాబీ గుత్తులనే పిండివంట పంచేది, మూకుట్లో అచ్చు ముంచి తనే వేసేది. మా అమ్మ అరసవల్లి వెళ్ళొచ్చి భయంభయంగా ప్రసాదం ఇస్తే రెండు చేతులా తీసుకునేది. "మీ అమ్మ ఎండలో నిలబడి తెచ్చినాది కదే" అనేది. ఒంటిచేత్తో ఏదీ తీసుకోవడం నేను చూడలేదు.

ఇక సన్మానం సంగతి.

బడి పెట్టి చాలా ఏళ్ళయిందని, పండగ చెయ్యాలని గ్రూపులో తీర్మానించాం. తీర్మానించింది అందరూ, తలకెత్తుకుంది నేను. మైదానంలో స్టేజీ వేయించాను. ఊరి గొప్పవాళ్ళందరి ఫొటోలతో ఫ్లెక్సీలు కట్టించాను. వాటిలో నా ఫొటో చిన్నదేం కాదు. ఒక పెద్దమనిషిని ముఖ్య అతిథిగా పిలిచాం. జనరేటరు చప్పుడు నా మైకుకి అడ్డం రాకూడదని దాన్ని స్టేజీకి దూరంగా, బడి వెనక్కి పెట్టించాను. బడి వెనక ఉన్నది ఆడవాళ్ళ మరుగుదొడ్డి. జనరేటరు సరిగ్గా దాని తలుపుకి అడ్డంగా వచ్చింది. నేను చూశాను. సభ కాసేపే కదా అనుకున్నాను.

టీచరమ్మని పొద్దున్నే తీసుకొచ్చి స్టేజీ మీద మధ్య కుర్చీలో కూర్చోబెట్టాం. సన్మానం పొందేవాళ్ళ కుర్చీ ఖాళీగా కనిపిస్తే సభకి నిండుదనం ఉండదని నా లెక్క. ముఖ్య అతిథి బయల్దేరారు, దారిలో ఉన్నారు, వచ్చేస్తున్నారు అని ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఎండ ఎక్కింది. జనం కదులుతున్నారు. నేను పద్యం పాడాను, జోకులు చెప్పాను, డాక్టరునీ ఎస్సైనీ ఆటపట్టించాను. కూర్చున్నవాళ్ళు కూర్చున్నారు. ఆ రోజు నా గొంతు ఎంత బాగా పలికిందో ఇప్పటికీ గుర్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేస్తుంది.

అప్పుడు టీచరమ్మ నా వైపు తిరిగింది. కుర్చీ చేతి మీద నుంచి చిటికెన వేలు కొంచెం లేపింది. పెదాలు కదిలాయి.

"ఒంటికెల్లాలే, పైడీ."

ఆవిడ నేర్పిన చదువే. ఒక్క అక్షరం పోకుండా అర్థమైంది నాకు. సరిగ్గా అప్పుడే మైదానం చివర కారు హారను వినిపించింది. అందరూ తలలు తిప్పారు. ఇప్పుడు మైకు దింపితే జనం చెదిరిపోతారు, ముఖ్య అతిథి ఖాళీ కుర్చీల మధ్య నుంచి నడిచి వస్తాడు, నేను పడ్డ కష్టమంతా బూడిదవుతుంది అనిపించింది. ఇవన్నీ సాకులు. ఆయన దిగి వచ్చేటప్పుడు స్వాగతం చెప్పే గొంతు నాదే కావాలి, అసలు సంగతి అది. నేను టీచరమ్మకి నమస్కారం పెట్టి మైకులో ఇలా అన్నాను: "చూడండి, మన గురువు గారు చెయ్యెత్తి మనందర్నీ దీవిస్తున్నారు."

జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ వేలు ముడుచుకుంది.

ఆ కారు ముఖ్య అతిథిది కాదు. ఐస్‌క్రీమ్ డబ్బాలు తెచ్చిన వ్యాను. అప్పుడైనా వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు కాబట్టి అంత అవసరం లేదేమో అని నాకు నేను చెప్పుకున్నాను. ముఖ్య అతిథి వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. జ్యోతి వెలిగించడం, ఆయన ఉపన్యాసం, ఆయనతో వచ్చినవాళ్ళ ఉపన్యాసాలు అయ్యాయి. చివరికి సన్మానం.

"గురువు గారు దయచేసి లేచి నిలబడాలి" అన్నాను.

ఆవిడ లేవలేదు. రెండు చేతులా కుర్చీ పట్టుకుని తల అడ్డంగా ఊపింది. మోకాళ్ళ నొప్పులేమో అని కింద ఎవరో అన్నారు. దండ వెయ్యడానికి సింహాచలం వంగాడు. వంగినవాడు ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు. తర్వాత ముఖ్య అతిథి చేతిలోని శాలువాని మర్యాదగా తీసుకుని, భుజాల మీద కాకుండా ఆవిడ ఒళ్ళో పరిచి, అంచులు కాళ్ళ దాకా సర్దాడు. ఫొటోగ్రాఫరు అప్పుడే నొక్కాడు.

"అప్పా, మైకు ఇలాగియ్యి" అన్నాడు సింహాచలం నాతో. మా వైపు అక్కని అప్ప అంటారు. మనిషి కొండంతుంటాడు, మాట మాత్రం గుసగుసే.

"నాను సిన్నప్పుడు బళ్ళో పడిపోతే టీచరమ్మ నన్ను ఎత్తుకుని ఇంటికాడ దించినాది. ఇన్నేళ్ళు బరువులెత్తినాను గానీ ఆ బాకీ తీరలేదు. ఈయేళ తీర్సేస్తాను."

మైకు నా చేతికిచ్చి, వంగి, టీచరమ్మని కుర్చీతో సహా ఎత్తేశాడు. జనం ఒక్కసారి లేచారు. ఈలలు, కేకలు, అందరి చేతుల్లో ఫోన్లు. ఆవిడ భయపడి వాడి మెడ పట్టుకుంది, తర్వాత నవ్వింది కూడా. పెళ్ళిపల్లకీలా మోసుకుంటూ స్టేజీ వెనక మెట్లు దిగి, తన కారు దాకా తీసుకెళ్ళి, నేరుగా ఇంట్లో దించాడు. ఆ వీడియో ఊళ్ళన్నీ తిరిగింది. గురుభక్తి అంటే ఇదీ అని రాశారు. దాని వెనకాల వినిపించే వ్యాఖ్యానం నాది.

కుర్చీ ఉన్న చోట తివాచీ తడిసి నల్లగా ఉంది. నేను పక్కకి జరిగి దాని మీద నిలబడ్డాను. సభ అయిపోయి అందరూ దిగేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ రోజు నేను సవ్యంగా చేసిన పని అదొక్కటే.

సింహాచలం ఈ సంగతి నాతో ఎప్పుడూ ఎత్తలేదు. వేలు సంగతి వాడికి తెలియదు. తెలిస్తే నాతో మాట్లాడేవాడు కాదేమో.

ఇదంతా రాయొచ్చా అని నేను చాలా తటపటాయించాను. బతికుండగా నలుగురిలో ఆవిడ మర్యాద తీసింది చాలక, పోయాక అచ్చులో కూడానా అనిపించింది. గ్రూపువాళ్ళు తాము అచ్చు వేయించే సంచికకి ఆవిడ మీద ఒక పేజీ రాసిమ్మంటే ముందు అందరూ రాసేలాంటిదే రాశాను. త్యాగమూర్తి, జ్ఞానజ్యోతి అని. చదువుకుంటే సభలో నా గొంతే వినిపించింది. చింపేసి, మేనకోడలి దగ్గరికెళ్ళి జరిగింది చెప్పాను.

"సీర ఉతికింది నేనే కదా వదినా, నాకు తెలీదేటి?" అంది. మళ్ళీ తనే, "ఏలు సూపించిన సంగతి నాకు సెప్పలేదు అత్త. రాస్తే అది కూడా రాసీ" అంది.

రాశాను. ఇంకొకటి మిగిలింది. అది ఆమెకీ చెప్పలేదు.

సన్మానం తర్వాత టీచరమ్మ బయటికి రావడం మానేసింది. ఆదివారం చర్చికి కూడా వెళ్ళడం లేదని విన్నాను. చూడాలని ప్రతి వారం అనుకునేదాన్ని, ఏదో ఒక సభ అడ్డం పెట్టుకునేదాన్ని. చివరికి వానాకాలంలో ఒకరోజు వెళ్ళాను. వాన తుంపర్లు పడుతుంటే గొడుగు వరండాలో ఆనించి లోపలికెళ్ళాను. మేనకోడలు రేషన్ షాపుకి వెళ్ళింది. టీచరమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. మనిషి సగమైంది. నేనిచ్చిన పళ్ళని రెండు చేతులా తీసుకుంది.

డాక్టరు గురించి అడిగింది. ఎస్సై అమ్మాయికి పిల్లలా అని అడిగింది. నా బీపీ గురించి అడిగింది. నేనూ చిక్కుడుకాయలు తీసుకుని కూర్చున్నాను. క్షమించమని అడగడానికే వచ్చాను గానీ, ఆవిడ ఎత్తకుండా నేనెలా ఎత్తను అనుకున్నాను. ఎత్తదు, అలాంటి మనిషి కాదు అనుకుని ధైర్యంగా కూడా ఉన్నాను.

వస్తానని లేచాను. అప్పుడు అడిగింది, ఈనె తీస్తూనే.

"పైడీ, ఆ రోజు స్టేజీ మీద నేనడిగినది నీకు అర్తమయినాదేటే?"

"లేదు టీచరమ్మా. ఏటడిగినారు?" అన్నాను.

ఆవిడ నా మొహం వైపు చూసింది. క్లాసులో తప్పు చెప్పిన పిల్ల ముందు ఆగినట్టు కాసేపు ఆగింది.

"అదే అనుకున్నాను. అర్తమయితే ఒచ్చీదానివే కదా" అంది. "సరే ఎల్లు, వాన పెద్దదవుతాది."

నేను చెప్పులేసుకుని గబగబా వీధి చివరికి నడిచి, కనిపించిన ఆటో ఎక్కేశాను. బండి కదిలాక డ్రైవరు ముందున్న అద్దంలో చూశాను. టీచరమ్మ గడప దాటి, వీధిలోకి వచ్చేసింది. ఎన్ని నెలలుగానో బయటికి రాని మనిషి. తలమీద వాన పడుతోంది. వరండాలో నేను మర్చిపోయిన గొడుగుని రెండు చేతులా పైకెత్తి చూపిస్తోంది.

"ఎవలో పిలస్తన్నారమ్మా, మిమ్మల్నేనా?" అన్నాడు డ్రైవరు, బండి నెమ్మది చేస్తూ.

"నన్ను కాదు బాబూ, పోనీ" అన్నాను.